మీ ‘300 వాట్ల’ బేస్ ఆంప్ మీద, మీ సపోర్ట్ వాళ్లిచ్చిన సలహా మీద ఫిర్యాదు

హన్మకొండ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: బేస్ కాంబో ఆంప్‌కి కట్టిన డబ్బు వాపసు, ప్రకటనలో వాట్ల లెక్క సవరణ, ఎర్త్ తీసేయమన్న సలహా మీద రాతపూర్వక వివరణ కోరుతూ.

నమస్కారం.

మీ వెబ్‌సైట్‌లో 34,500 రూపాయలు కట్టి కొన్న బేస్ ఆంప్ (బేస్ గిటార్‌కి పెట్టే ఆంప్లిఫయర్, స్పీకర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది) గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇన్వాయిస్ నకలు, మీ వాళ్లతో జరిగిన చాట్ స్క్రీన్‌షాట్లు, మాన్యువల్‌లో ఒక పేజీ ఫొటో, ఒక చిన్న వీడియో జత చేశాను. ఫోన్‌లో మాట్లాడినవన్నీ రికార్డు అవుతాయని మీ వాళ్లే ప్రతిసారీ చెప్తారు కాబట్టి అవి మీ దగ్గరే ఉంటాయి. ఒకసారి తీరిగ్గా వినండి.

ముందు ప్రాణం మీదికి వచ్చే సంగతి చెప్తాను. టోన్ సంగతి తర్వాత.

ఆంప్ ఆన్ చేయగానే గుర్రుమని ఒక హమ్ వస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ హమ్ కూడా అక్కడే ఉంది. బేస్ వాయించేవాడికి ఇది ఇంకా చిరాకు, ఎందుకంటే ఇ (E) తీగ మీద మూడో ఫ్రెట్‌లో (బేస్ మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీల్లో మూడోదాని దగ్గర) పలికే జి (G) స్వరం 49 హెర్ట్జ్. అంటే మీ ఆంప్ రోజంతా జి కన్నా ఒక పిసరు ఎక్కువ శ్రుతిలో పాడుతూ కూర్చుంటుంది. బ్యాండ్ లొల్లిలో ఇది ఎవరికీ వినపడదు. కానీ నేను ఆదివారం పొద్దున చర్చిలో కూడా వాయిస్తాను. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గుర్రు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వెనక బెంచీల వాళ్లు తలలెత్తి నా వైపు చూస్తారు.

ఈ సంగతి చాట్‌లో రాస్తే మీ టెక్నికల్ సపోర్ట్ నుంచి వచ్చిన జవాబు ఇది: ‘టూ పిన్ కన్వర్టర్ పెట్టుకోండి సార్, ఎర్త్ తగలకపోతే హమ్ పోతుంది.’

హమ్ పోదు, మనిషి పోవచ్చు. బేస్ తీగలు బ్రిడ్జి గుండా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. ఆ గ్రౌండ్ కేబుల్ వెంట వెళ్లి ఆంప్ చాసీకి (లోపలి లోహపు చట్రానికి) చేరుతుంది. లోపల ఎక్కడైనా ఫేజ్ వైరు చాసీకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజ్ ఎగిరిపోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది, అంతటితో సరి. ఎర్త్ లేకపోతే ఆ 230 వోల్టులూ నా వేళ్ల కింది తీగల్లోకి వస్తాయి. ముందు మైకు ఉంటుంది, దానికి మిక్సర్ వైపు నుంచి ఎర్త్ ఉంటుంది. పెదవి దానికి ఆనితే చాలు. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1972లో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే స్వాన్సీలో స్టేజి మీదే, ఎర్త్ సరిగా లేని మైకు తాకి చనిపోయాడు. మా దగ్గర ప్రోగ్రాములు సగం షామియానాల కింద, జనరేటర్ కరెంటు మీద, వానకు తడిసిన నేల మీద జరుగుతాయి. అలాంటి చోట ఎర్త్ తీసేయమని ఒక కంపెనీ రాతపూర్వకంగా సలహా ఇచ్చింది. ఆ సలహా ఇంకెంతమందికి ఇచ్చారో కూడా నాకు తెలియాలి.

పోనీ ఆ సలహాకి అర్థమైనా ఉందా అంటే, అదీ లేదు. బేస్ కేబుల్ పీకేసి, మాస్టర్ వాల్యూమ్ సున్నాకి తిప్పినా హమ్ అలాగే ఉంది. ఏ కేబులూ పెట్టనప్పుడు గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ తగిలి హమ్ రావడం) ఎక్కడి నుంచి వస్తుంది? లోపం లోపలి పవర్ సప్లైలో ఉంది. ఈ మాట చెప్తే మీ రెండో అతను ‘వరంగల్ సైడ్ కరెంటు అలాగే ఉంటుంది సార్’ అన్నాడు. అదే ప్లగ్గులో నా పాత ప్రాక్టీస్ ఆంప్ చప్పుడు లేకుండా పనిచేస్తోంది. మా కరెంటు దానికి పడింది, మీ ఆంప్‌కి ఎందుకు పడలేదు?

ఇక టోన్ సంగతి. కొంచెం ఓపిగ్గా చదవండి, ఈ ఆంప్ తయారు చేసిన వాళ్లకి కూడా చూపించండి.

మా బ్యాండ్ కాజీపేటలో ఒక షట్టర్ గదిలో రిహార్సల్ చేస్తుంది. హెవీ మెటల్ సంగీతం, గిటార్లు బాగా కిందికి ట్యూన్ చేసి ఉంటాయి కాబట్టి నాది ఐదు తీగల బేస్. మీ ప్రకటనలో ‘ఐదు తీగల బేస్‌కి, మెటల్‌కి ప్రత్యేకంగా’ అని ఉంటేనే కొన్నాను. (ఆ ప్రకటన ఫొటోలో జుట్టు విరబోసుకున్న ఆయన చేతిలో ఉన్నది నాలుగు తీగల బేస్. అప్పుడే అనుమానం రావలసింది, కానీ ఫొటోలు తీసేది వేరేవాళ్లు కదా అని ఊరుకున్నాను.)

ఐదో తీగ, లో బి (కింది B స్వరం), సుమారు 31 హెర్ట్జ్. మామూలు ఇ తీగ 41. చూడ్డానికి తేడా పది అంకెలే, స్పీకర్‌కి మాత్రం అక్కడే తేలిపోతుంది. మీ ఆంప్ గ్రిల్ మీద ఫోన్ టార్చ్ వేసి తీసిన వీడియో చూడండి. ఇ తీగ మీటినప్పుడు కోన్ (స్పీకర్‌లో కదిలే పొర) సన్నగా వణుకుతుంది, అంతే. లో బి మీటగానే కోన్ మొత్తం ముందుకూ వెనక్కూ ఊగడం కంటికి కనిపిస్తుంది. పక్కనున్న పోర్ట్ (పెట్టెకి గాలి కోసం వదిలిన రంధ్రం) దగ్గర అరచెయ్యి పెడితే గాలి ఫుస్సుమని తగులుతుంది. వినిపించేది మాత్రం స్వరం కాదు, భుర్రుమనే చప్పుడు. పోర్ట్ ఉన్న పెట్టెకి ఒక ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది, దానికంటే కిందికి పోతే కోన్ మీద గాలి పట్టు వదిలేస్తుంది. ఈ సంగతి స్పీకర్ పెట్టెలు కట్టేవాళ్లందరికీ తెలుసు.

ఒక్క పది అంగుళాల స్పీకర్ 31 హెర్ట్జ్‌ని గుండెకి తగిలేలా వినిపించాలని నేనేం అడగడం లేదు. లో బి వినేటప్పుడు మన చెవి ఎక్కువగా పట్టుకునేది దాని పైనుండే 62, 93 హెర్ట్జ్ హార్మోనిక్స్‌ని (అసలు స్వరానికి రెండింతలు, మూడింతలుగా దానితోపాటే మోగేవాటిని). ఆ రెండూ శుభ్రంగా వస్తే చాలు, కిందిది ఉన్నట్టే చెవి సర్దుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు లోపల ఒక హై పాస్ ఫిల్టర్ పెట్టి, స్పీకర్ మోయలేని భాగాన్ని ముందే కోసేస్తారు. మీరు అది పెట్టలేదు. పైగా ‘బేస్’ నాబ్‌కి ‘సబ్’ అని ఇంకో నాబ్ తోడిచ్చి, మోయలేని స్పీకర్ నెత్తిన ఇంకా ఎక్కించే ఏర్పాటు చేశారు.

300 వాట్లు అన్న అంకె గురించి కూడా చెప్పాలి. బేస్ వాయించేవాళ్లలో ఆ అంకెకి ఒక పేరుంది. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ అనే ఆంప్ 300 వాట్లతో వచ్చింది. ట్యూబులతో నిండిన పెద్ద హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె), కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్. బీరువా అంత ఎత్తు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఆ అంకె మీద మనసు పడని బేసిస్ట్ ఉండడు. అది తెలిసే పెట్టె మీద అంత పెద్ద అక్షరాల్లో వేశారు. మాన్యువల్ చివరి పేజీలో చీమంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది: 300 అనేది పీక్ (ఒక్క క్షణం అందే గరిష్ఠం), ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగేది) 75 వాట్లు. 75కీ 300కీ మధ్య తేడా 6 డెసిబెల్స్. చప్పుడు నాలుగింతలు తగ్గిపోదు, ఆ సంగతి నాకూ తెలుసు. తగ్గేది ఊపిరి. గట్టిగా మీటిన ప్రతి దెబ్బకీ ఆంప్ క్లిప్ అయి నలిగిపోతుంది. బేస్‌లో ఆ మొదటి దెబ్బే ప్రాణం. 75 అని ముందే చెప్పి ఉంటే 75 ధర ఇచ్చేవాణ్ణి, లేకపోతే ఇంకోటి చూసుకునేవాణ్ణి.

అన్నింటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ముందు వైపున్న ఎర్ర బటన్. దాని మీద ‘హెవీ’ అని ఉంది. నొక్కితే రెండు పనులు జరుగుతాయి: మిడ్స్ (మరీ కిందివీ పైవీ కాని మధ్య శబ్దాలు) మాయమవుతాయి, మొత్తం సిగ్నల్ మీద డిస్టార్షన్ (స్వరాన్ని కావాలని గరగరలాడించడం) పడుతుంది. గదిలో ఒంటరిగా వాయించుకుంటే అబ్బో అనిపిస్తుంది. షోరూంలో కస్టమర్‌ని పడేయడానికి బాగా పనికొస్తుంది. అదే రిహార్సల్‌లో నొక్కితే నాలుగు బార్లు తిరక్కముందే మా డ్రమ్మర్ ఆపేసి ‘అన్నా, నీ బేస్ ఏడికి పోయింది?’ అని అడిగాడు.

ఎందుకంటే బ్యాండ్‌లో అట్టడుగున కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఉంటుంది, పైన రెండు డిస్టార్షన్ గిటార్లు ఉంటాయి. బేస్ మాట్లాడే చోటు ఆ రెండింటి మధ్య ఉన్న మిడ్స్. అదే తీసేస్తే కింద మిగిలేది కిక్‌లో కలిసిపోతుంది, పైన మిగిలేది గిటార్లలో కలిసిపోతుంది. మోటర్‌హెడ్ బ్యాండ్ బేసిస్ట్ లెమ్మీ రికెన్‌బేకర్ బేస్‌ని మార్షల్ ఆంప్‌లో పెట్టి, మిడ్స్ బాగా పెంచి వాయించేవాడు. ఆయన కన్నా హెవీ ఎవరో మీ ఇంజినీరు గారే చెప్పాలి. 1971లో బ్లాక్ సబ్బాత్ వాళ్లు గిటార్, బేస్ తీగలు సడలించి శ్రుతి కిందికి దించినప్పుడు కూడా వాళ్ల బేసిస్ట్ గీజర్ బట్లర్ వాయించే ప్రతి స్వరమూ విడివిడిగా వినిపిస్తుంది. బరువు అక్కడి నుంచే వచ్చింది. మేం డోలు విని పెరిగినవాళ్లం. ఒగ్గు కథలో డోలు మీద కర్ర పడితే లోతూ వినపడుతుంది, దెబ్బా వినపడుతుంది, చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకి కూడా. బేస్ కూడా అంతే ఉండాలి.

డిస్టార్షన్ వద్దని నేననడం లేదు, నాకు చాలా ఇష్టం. కానీ బేస్‌కి డిస్టార్షన్ పెట్టే పద్ధతి వేరు. మొత్తం సిగ్నల్‌ని నలిపేస్తే అడుగు కరిగిపోతుంది. అందుకే కింది భాగాన్ని శుభ్రంగా వదిలేసి, పైభాగానికి మాత్రమే డిస్టార్షన్ ఇచ్చి, రెండింటినీ మళ్లీ కలుపుతారు. ఒక్క బ్లెండ్ నాబ్ పెట్టి ఉంటే ఈ లేఖ సగానికి తగ్గేది.

ఈ మాటలే ఫోన్‌లో చెప్తే మీ ప్రతినిధి అన్నది: ‘మెటల్‌లో బేస్ ఎలాగూ అంతగా వినపడదు కదా సార్.’ ఆయన తప్పు కాదేమో, ఎవరో నేర్పి ఉంటారు. 1988లో వచ్చిన మెటాలికా ఆల్బమ్‌లో జేసన్ న్యూస్టెడ్ బేస్ దాదాపు వినపడకుండా మిక్స్ చేశారు. ఇన్నేళ్లయినా దాని మీద లొల్లి ఆగలేదు. వినపడకపోతే జనం అడుగుతారు. బేస్ ఆంప్‌లు అమ్మే కంపెనీకి ఈ మాట నేను చెప్పాల్సి రావడమే విచిత్రం.

సర్వీస్ గురించి ఎక్కువ రాయను. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, సొంత ఖర్చుతో తెచ్చివ్వమన్నారు. ఇంత బరువున్న పెట్టెని కాజీపేటలో రైలెక్కించి సికింద్రాబాద్‌లో దించుకోవాలట. ఎవరూ ఆంప్‌ని చూడకముందే స్పీకర్ కొట్టుకోవడాన్ని ‘యూజర్ మిస్‌యూజ్’ అని రాసి, టికెట్‌ని ‘రిజాల్వ్డ్’ అని మూసేశారు. న్యాయంగా చెప్పాలంటే లోపలి ట్యూనర్ బాగుంది, హ్యాండిల్ గట్టిది.

నాకు కావలసింది ఇది. 34,500 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వాలి. రిపేరు గానీ, ఇదే మోడల్ ఇంకోటి గానీ నాకు వద్దు, ఎందుకంటే హమ్ ఒక్కటే ఈ పీసులో లోపం, మిగతావి మోడల్‌లోనే ఉన్నాయి. ఆంప్‌ని మీ ఖర్చుతో మా ఇంటి నుంచి తీసుకెళ్లాలి. ప్రకటనలో, పెట్టె మీద ఆర్‌ఎంఎస్ అంకెని 300 పక్కనే అంతే సైజులో వేయాలి. ఎర్త్ తీసేయమనే సలహా ఇకముందు ఎవరికీ ఇవ్వబోమని, ఇప్పటికే ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్తామని రాసివ్వాలి. డబ్బు కన్నా ఈ చివరిది నాకు ముఖ్యం.

ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌కి వెళ్తాను. కొన్నవాడు ఉండే చోటే కేసు వేసుకోవచ్చని ఆ చట్టంలో ఉంది కాబట్టి, ఈసారి రైలెక్కాల్సింది మీ వాళ్లు.

ఆంప్‌ని అసలు పెట్టెలో, థర్మాకోల్‌తో సహా ప్యాక్ చేసి ఉంచాను. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లని మధ్యాహ్నం పూట పంపండి. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, కాబట్టి ఇద్దరిని పంపండి. అడ్రసు, ఫోన్ నంబరు ఇన్వాయిస్‌లో ఉన్నవే.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు

జతపరిచినవి: ఇన్వాయిస్ నకలు, చాట్ స్క్రీన్‌షాట్లు, మాన్యువల్ చివరి పేజీ ఫొటో, స్పీకర్ వీడియో