పేరు మనదైతేనే వెబ్‌సైట్ మనది

సంపాదకులకు,

పైసా ఖర్చు లేకుండా వెబ్‌సైట్ పెట్టుకోవడం ఎలాగో చెప్పే వ్యాసాలు పత్రికల సాంకేతిక పేజీల్లో తరచూ వస్తున్నాయి. ఖాతా తెరవడం, టెంప్లేట్ ఎంచుకోవడం, ఫొటోలు ఎక్కించడం వరకు చక్కగా వివరిస్తారు. ఆ సైట్‌ను ఎప్పుడైనా అక్కడి నుంచి తరలించాల్సి వస్తే ఏమవుతుందో మాత్రం రాయరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఉచిత హోస్టింగ్ (సైట్‌కు నెట్‌లో ఉచితంగా చోటు ఇవ్వడం) అనగానే ప్రకటనల గోల, స్పీడు, స్టోరేజీ గురించే అందరూ మాట్లాడతారు. కొన్ని సర్వీసుల్లో కాసేపు ఎవరూ చూడకపోతే అప్లికేషన్‌ను ఆపేస్తారు, ఆ తర్వాత మొదట వచ్చినవాళ్లు పేజీ తెరుచుకునేదాకా ఎదురుచూడాలి. వాడకం హద్దు దాటితే సైట్ కొంతకాలం నిలిచిపోతుంది. ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది చిరునామా పోవడం.

ఉచితంగా దొరికేది సాధారణంగా సబ్‌డొమైన్, అంటే కంపెనీ డొమైన్‌కు (నెట్‌లో దాని సొంత పేరుకు) ముందు మన పేరు తగిలించిన చిరునామా. దాని డీఎన్ఎస్, అంటే ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే పట్టిక, పూర్తిగా కంపెనీ చేతిలో ఉంటుంది. సర్వీసు మూతపడితే ఆ పేరూ పోతుంది. పాత లింకు నొక్కినవాళ్లను కొత్త చోటికి మళ్లించే 301 రీడైరెక్ట్ పెట్టడానికి కూడా వీలుండదు. ఇతరులు ఇచ్చిన లింకులు, సెర్చ్‌లో సంపాదించుకున్న స్థానం, విజిటింగ్ కార్డుల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్ అన్నీ ఒక్కరోజులో పనికిరాకుండా పోతాయి. 1994లో మొదలైన ఉచిత వెబ్‌సైట్ల సర్వీసు జియోసిటీస్‌ను 1999లో యాహూ కొనుక్కుంది, 2009 అక్టోబర్‌లో మూసేసింది. వెబ్ అప్లికేషన్లకు చోటిచ్చే హెరోకు తన ఉచిత ప్లాన్లను 2022 నవంబర్‌లో ఎత్తేసింది. పెద్ద కంపెనీ కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

ఉచిత డొమైన్లదీ ఇదే కథ. డాట్ టీకే వంటి పేర్లను ఉచితంగా పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసి, 2024లో డొమైన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పైగా అలాంటి పేర్లకు వాడుకునే అనుమతి తప్ప, డబ్బు కట్టి కొన్న డొమైన్‌కు ఉండే హక్కులు రావు.

ఇరుగుపొరుగు వల్ల వచ్చే తంటా ఇంకొకటి. ఉచిత చోటు మోసగాళ్లకూ ఉచితమే. 2011లో గూగుల్, ఉచిత సబ్‌డొమైన్లు ఇచ్చే ‘కో డాట్ సీసీ’ కింద ఉన్న సైట్లను గంపగుత్తగా సెర్చ్ నుంచి తీసేసింది, ఏ తప్పూ చేయనివాళ్లు కూడా అందులో పోయారు. మెయిల్‌కూ ఇదే గతి. డీఎన్ఎస్ మన చేతిలో లేకపోతే మెయిల్ నిజంగా మన దగ్గరి నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టలేం. అందుకే సైట్‌లోని ఫారం నుంచి వెళ్లే ఉత్తరాలు తరచూ స్పామ్‌లో పడతాయి, లేదా అసలు చేరవు. భద్రత సంగతికొస్తే, 2015లో ట్రిపుల్ జీరో వెబ్‌హోస్ట్ అనే ఉచిత హోస్టింగ్ సర్వీసు నుంచి కోటీ 30 లక్షలకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. పాస్‌వర్డులను ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఉన్నవి ఉన్నట్టే దాచారు. ఉచిత ఖాతాకు పెట్టిన పాస్‌వర్డును మరెక్కడా వాడకూడదు.

బ్యాకప్ ఉందిలే అనుకునేవాళ్లు కూడా తరలించేటప్పుడు రెండుచోట్ల దెబ్బతింటారు. మొదటిది తెలుగు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (ఒక్కో అక్షరానికి, గుణింత గుర్తుకు ఇచ్చిన అంకె) ఒక్కోటీ 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతాలతో కలిపి 6 కోడ్ పాయింట్లు, మొత్తం 18 బైట్లు. పాత డేటాబేస్ టేబుళ్లు అక్షరానికి ఒక్క బైటే వాడే లాటిన్1 పద్ధతిలో ఉంటే, ఎగుమతి చేసేటప్పుడు ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా లెక్కేసి మళ్లీ యూటీఎఫ్-8లోకి మారుస్తారు. కొత్త చోట పిచ్చిగీతల్లాంటి అక్షరాలు కనిపిస్తాయి. అలా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, బైట్లు చాలావరకు భద్రంగానే ఉంటాయి. లాటిన్1లోనే ఎగుమతి చేసి, ఆ ఫైల్లోని క్యారెక్టర్ సెట్ పేర్లను, యూటీఎఫ్-8కు డేటాబేస్ వాడే పేరైన యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి దిగుమతి చేస్తే సరిపోతుంది. అక్షరాల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం ఆ కాపీలో తెలుగు పోయినట్టే. అందుకే కొత్త చోట పేజీలు తెరిచి చదివి చూసేదాకా పాత డేటాబేస్‌ను చెరపకూడదు.

రెండోది, సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో చిరునామా మార్పు. డేటాబేస్‌ను ఎడిటర్‌లో తెరిచి పాత చిరునామా ఉన్నచోటల్లా కొత్తది పెట్టేస్తారు. కొన్ని సెట్టింగులను వర్డ్‌ప్రెస్ సీరియలైజ్ చేసి దాస్తుంది, అంటే ప్రతి మాట పక్కన దాని పొడవు కూడా రాసి ఉంటుంది. 27 అక్షరాల చిరునామా తీసి 19 అక్షరాలది పెడితే, పక్కన అంకె 27గానే ఉండిపోతుంది. వర్డ్‌ప్రెస్‌ను రాసిన పీహెచ్‌పీ భాష దాన్ని చదవలేదు. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమవుతాయి. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే సాధనంలోని సెర్చ్-రీప్లేస్ కమాండ్ ఆ పొడవులను కూడా సరిచేస్తుంది.

ఉచిత హోస్టింగ్ వద్దని మేం అనడం లేదు. డొమైన్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. అది డిజైనర్ పేరున కాకుండా సైట్ యజమాని పేరునే ఉండాలి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే సంస్థ) ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ ఆ డొమైన్ మీద నడిచేది కాకూడదు, డొమైన్ గడువు తీరితే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. సొంత డొమైన్ తగిలించుకోనిచ్చే ఉచిత సర్వీసులు ఉన్నాయి. గిట్‌హబ్ పేజెస్ అలాంటిదే, కాకపోతే అందులో స్టాటిక్ పేజీలే (డేటాబేస్ లేకుండా ముందే తయారుచేసి పెట్టినవే) నడుస్తాయి, సైట్ సైజు 1 జీబీ దాటకూడదు. రేపు అదీ మూతపడితే ఫైళ్లను మరోచోట ఎక్కించి డీఎన్ఎస్ రికార్డు మార్చుకోవచ్చు. ముందురోజే టీటీఎల్‌ను (ఆ రికార్డును ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను) 300 సెకన్లకు తగ్గించి, మార్చాక రెండు రోజులు పాత సైట్‌ను కూడా నడవనిస్తే చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఉచిత వెబ్‌సైట్ల గురించి ఇకముందు రాసేటప్పుడు డొమైన్ ఎవరి పేరున ఉండాలో, డేటాబేస్‌ను బయటికి ఎలా తీసుకోవాలో చెప్పే రెండు పేరాలు కూడా చేర్చాలని మనవి.

ఇట్లు,
వెబ్‌సైట్ల నిర్వహణలో ఉన్న కొందరు పాఠకులు