కాంతి కళకు చీకటి కావాలి

కాంతినే మాధ్యమంగా చేసుకున్న సమకాలీన కళాఖండాలను మన ప్రదర్శనశాలలు చాలినంత చీకటి లేకుండానే ప్రదర్శిస్తున్నాయి. అమెరికా కళాకారుడు జేమ్స్ టరెల్ రూపొందించిన చీకటి గదులలో కళ్లు అలవాటు పడేదాకా ఏమీ కనిపించదు, ఆ తరువాతే మసక వెలుగు మెల్లగా తేలుతుంది. 2003లో లండన్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల టేట్ మోడర్న్‌లో కళాకారుడు ఓలాఫుర్ ఎలియాసన్ కృత్రిమ సూర్యుణ్ణి నిలిపినప్పుడు విశాలమైన హాలంతా ఆ పసుపు వెలుగుకే అప్పగించారు. ఇటీవల హైదరాబాదులో నేను చూసిన ఒక ప్రదర్శనలోనైతే, తలుపు సందులోంచి వరండా ట్యూబ్‌లైటు నేల మీద తెల్లని గీతలా పడుతుండగా, సందర్శకులు సెల్‌ఫోన్ల ఫ్లాష్ వేసి, తాము చూడవచ్చిన వెలుగునే చెరిపేస్తూ ఫొటోలు తీసుకున్నారు. కాపలాదారు టార్చి వేసి మరీ దారి చూపాడు, పాపం, ఆయనకు ఎవరూ చెప్పినట్లు లేదు. ద్వారానికి రెండు వరుసల నల్ల తెరలు కట్టి, ఫోన్లు బయటే తీసుకుని, పదేసి మందిని కాసేపు మసక గదిలో కూర్చోబెట్టాకే నిర్వాహకులు లోపలికి పంపాలి.