వార్డులో నర్సింగ్ విద్యార్థికి అండగా ఎవరుంటారు?

సంపాదకులకు నమస్కారం.

ఉస్మానియా, గాంధీ, నీలోఫర్ వంటి మన నగర ఆసుపత్రుల వార్డుల్లో నర్సింగ్ విద్యార్థులు తరచుగా కనిపిస్తుంటారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు శాతం పూర్తయితేనే పట్టా చేతికి వస్తుంది. ఇంత ప్రాధాన్యమున్న శిక్షణలో, సందేహం వచ్చిన విద్యార్థి ఎవరి దగ్గరకు వెళ్లాలో ముందుగా తేల్చి చెప్పే ఏర్పాటు నేను స్టాఫ్ నర్సుగా పనిచేసిన వార్డుల్లో లేదు.

భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం 10 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకులు ఉండాలి. అయితే ఆ పదిమందిని మెడికల్, సర్జికల్ వార్డులకూ లేబర్ రూముకూ పంచినప్పుడు ట్యూటర్ ఒకచోట ఉంటే మిగతావారి బాధ్యత స్టాఫ్ నర్సుల మీదే పడుతుంది. తన రోగులనే చూసుకోలేక సతమతమయ్యే ఆ నర్సు నేర్పలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ నష్టపోయేది విద్యార్థులే. రక్త నమూనాలు ల్యాబుకు చేరవేయడంలో, స్ట్రెచర్లు తోయడంలో వారి షిఫ్టు గడిచిపోతుంది, నేర్చుకున్న పనులను నమోదు చేసే లాగ్ బుక్కులో సంతకాలు మాత్రం పడిపోతాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది రోగికి వాడిన సూది పొరపాటున విద్యార్థికి గుచ్చుకున్న సందర్భం. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులను వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. తిడతారన్న భయంతో, లేదా ఎవరికి చెప్పాలో తెలియక, రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఆ సంగతి దాచుకుంటే ఆ విలువైన గంటలు చేజారిపోతాయి. కాబట్టి వార్డు పోస్టింగ్‌కు ముందే, అలాంటి సూదితోనే సోకగల కాలేయ వ్యాధి హెపటైటిస్-బికి టీకా మోతాదులు పూర్తి చేయించాలి. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో, ఎవరిని కలవాలో మొదటి రోజే వార్డులోనే చెప్పాలి.

ప్రతి షిఫ్టులోనూ విద్యార్థుల మార్గదర్శిగా ఒక స్టాఫ్ నర్సు పేరు డ్యూటీ చార్టులో రాయాలని, ఆ రోజుకు ఆమెకు రోగుల సంఖ్య తగ్గించాలని ఆసుపత్రి సూపరింటెండెంట్లను కోరుతున్నాను. రోగుల భారం తగ్గించకుండా పేరు మాత్రమే రాస్తే అది ఆమెకు మరో శిక్ష అవుతుంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కూడా నర్సింగ్ కళాశాలల తనిఖీ సమయంలో తరగతి గదులతో సరిపెట్టుకోకుండా ఈ డ్యూటీ చార్టులను తెప్పించి చూడాలి, అధ్యాపకులు లేనప్పుడు విద్యార్థులతో విడిగా మాట్లాడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
మలక్‌పేట, హైదరాబాద్