లండన్‌లో మా బస గురించి

హైదరాబాద్, చిక్కడపల్లి.

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి పట్టా పుచ్చుకుంటున్నదనీ, ఆ వేడుక చూడడానికి వచ్చే జూలైలో నువ్వూ చెల్లెమ్మా లండన్ ప్రయాణం కడుతున్నారనీ చదివి మేమిద్దరం ఎంతో సంతోషించాం. కిందటి వేసవిలో మేము దిగిన హోటలు పేరు రాయమన్నావు. పేరు మాత్రం రాయను. రాస్తే ధర చూసి నువ్వు నేరుగా అక్కడికే వెళ్తావని నా భయం. దానికి బదులు ఆ హోటలు ఎలా ఉందో, అలా ఎందుకు ఉందో వివరంగా రాస్తాను, ఆ తరువాత నీ ఇష్టం.

అది ప్యాడింగ్టన్ స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉంది. హీత్రూ విమానాశ్రయంలో ఎలిజబెత్ లైను రైలు ఎక్కితే దాదాపు అరగంటలో అక్కడ దిగవచ్చు కాబట్టి, పేట విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పావుగంటలో చేర్చే హీత్రూ ఎక్స్‌ప్రెస్ కూడా ఉన్నది గాని, మిగిలే ఆ కాస్త సమయానికి అంత టిక్కెట్టు దండగ. వీధికి రెండు వైపులా తెల్లని పూతతో, గుమ్మానికి అటొకటి ఇటొకటి స్తంభాలతో, ఒకదానినొకటి ఆనుకొని నిలబడిన ఇళ్ళు చూడగానే మీ చెల్లెలి ముఖం వెలిగిపోయింది. 19వ శతాబ్దంలో కలిగినవారు కాపురాలు ఉండడానికి కట్టిన ఇళ్ళవి. వంటిల్లు నేలమాళిగలోనూ, భోజనాల గది దాని పైనా, అతిథులు కూర్చునే హాలు మొదటి అంతస్తులోనూ, పడక గదులు ఆ పైనా ఉండేవి. పనివాళ్ళను అందరికన్నా పైన, ఇంటి కప్పు కింద పడుకోబెట్టేవారు. ఇప్పుడు ఒక్కొక్క గదికి అడ్డుగోడలు పెట్టి, రెండేసి మూడేసి గదులు చేసి అద్దెకిస్తున్నారు. రాత్రికి 95 పౌండ్లు, అంటే పదివేల రూపాయలు దాటిన మొత్తం, చెల్లించి నేను పుచ్చుకున్నది అలనాటి పనిమనిషి పడుకున్న గది.

ఆ గదికి చేరడం ఒక ప్రయాణం. లిఫ్టు లేదు. లేదన్న మాట బుకింగులో ఎక్కడా లేదు. కౌంటరులోని కుర్రవాడిని అడిగితే, “ఇది పాత భవనం కదా సార్” అని ఎంతో మర్యాదగా చెప్పి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇటువంటి ఇళ్ళలో చాలావాటికి చారిత్రక కట్టడాలుగా రక్షణ ఉండడం వల్ల, అనుమతి లేకుండా లోపలి మెట్లనూ గోడలనూ పడగొట్టి లిఫ్టు దించడానికి వీలుండదు. అది నేను అర్థం చేసుకోగలను. మెట్లు కూడా కింద దొరల కోసం వెడల్పుగా మొదలై, పైకి పోయిన కొద్దీ పనివాళ్ళకు సరిపడేంతగా సన్నబడిపోతాయి. ఒక్కొక్కటి 23 కిలోల పెట్టెలను నేను వెనక నుంచి తోస్తూ, మీ చెల్లెలు ముందు నుంచి లాగుతూ నాలుగు అంతస్తులు ఎక్కించాం. మధ్యాహ్నం రెండింటిదాకా గది ఇవ్వకుండా ఆ పెట్టెలను మెట్ల కింది అలమరలో పెట్టించిన పెద్దమనుషులు, రెండయ్యాక ఒక మనిషిని తోడు పంపలేకపోయారు.

గదిలో మంచం నిండిపోగా మిగిలిన చోటులో ఒక పెట్టె తెరిస్తే రెండోది తెరవడానికి లేదు. అక్కడ మామూలు డబుల్ మంచం వెడల్పు 4 అడుగుల 6 అంగుళాలేనట. మన ఇళ్ళలోని ఆరడుగుల మంచానికి అలవాటుపడిన దంపతులకు అది ఒకరి పడకే. ఫొటోలో విశాలంగా కనిపించిన కిటికీ నిజంగానే ఉంది గాని, ఎవరూ పడిపోకుండా బెత్తెడు మించి తెరుచుకోని విధంగా దానికి అడ్డు బిగించారు. ఏసీ లేదు, ఫ్యాను లేదు. పగలంతా ఎండకు కాగిన కప్పు రాత్రంతా మా మీద ఆ వేడిని దించుతూనే ఉండేది. 2022 జూలైలో ఇంగ్లండులో ఉష్ణోగ్రత మొదటిసారిగా 40 డిగ్రీలు దాటిందని చదివినప్పుడు, మనకు మే నెలలో మామూలేగా అని నవ్వుకున్నాం కదా! నాంపల్లి స్టేషను ఎదుటి చవక లాడ్జీలో కూడా నెత్తిన ఒక ఫ్యాను తిరుగుతుంది, బకెట్టూ మగ్గూ ఉంటాయి. ఇక్కడ అవేమీ ఉండవు కాబట్టి ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకోమని చెల్లెమ్మతో చెప్పు. ఎందుకో ఆవిడకు తెలుస్తుంది.

వాష్ బేసినుకు వేడినీళ్ళకు ఒక కొళాయి, చన్నీళ్ళకు ఒక కొళాయి, ఒకటి కాలుస్తుంది, ఒకటి కొరుకుతుంది. పూర్వం వేడినీళ్ళు అటక మీది తొట్టి నుంచీ, తాగే చన్నీళ్ళు వీధి గొట్టం నుంచీ వచ్చేవి గనుక రెండూ కలవకూడదని అలా ఏర్పాటు చేశారట. ప్లగ్గుల సంగతి ఇంకా తమాషా. మన గుండ్రటి పుల్లల ప్లగ్గు ఒకప్పుడు వాళ్ళదే. 1947లో వాళ్ళు పలక పుల్లలు గల కొత్త ప్లగ్గుకు ప్రమాణం నిర్ణయించుకుని, పాతదాన్ని మనకు వదిలిపెట్టారు. ఆ ఏడాది వాళ్ళు మనకు వదిలి వెళ్ళినవాటిలో ఇదొకటి అనుకో. కోఠీ గుజరాతీ గల్లీలో అడాప్టరు కొనుక్కుని మరీ బయలుదేరు.

అన్యాయం చేయకుండా ఒక మంచి మాట కూడా రాయాలి. నీళ్ళు మరిగించుకునే కెటిలూ, టీ పొట్లాలూ, చిన్న చిన్న పాల డబ్బీలూ ఏ రోజూ తప్పలేదు. పొద్దుటి ఫలహారం మాత్రం నేలమాళిగలో చల్లబడిన రొట్టె ముక్కలూ కార్న్‌ఫ్లేక్సూ. ప్యాడింగ్టన్ నుంచి, రైళ్ళ పటంలో గులాబి రంగు గీతతో చూపే హామర్‌స్మిత్ అండ్ సిటీ లైను ఎక్కితే రైలు మారకుండా ఈస్ట్ హామ్ చేరవచ్చు. అక్కడ ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరుకుతాయి. మా ప్రాణాలు నిలిపింది ఆ రైలే.

గది చిన్నదైనందుకు నాకు కోపం లేదు. అంతటి నగరం నడిబొడ్డున ఆ ధరకు అంతకన్నా చోటు రాదు. మూడు నక్షత్రాలు తగిలించుకుని, లిఫ్టు లేదనీ, ఇచ్చేది కప్పు కింది గది అనీ చెప్పకుండా సొమ్ము ముందే తీసుకుని, రద్దు చేసుకుంటే పైసా తిరిగి ఇవ్వమనడమే నాకు మింగుడుపడలేదు. ఆ దేశంలో హోటలును తనిఖీ చేయించుకుని నక్షత్రాలు పొందడం తప్పనిసరి కాదు, అది యజమాని ఇష్టం. కనుక నక్షత్రాలను లెక్కించక, సొమ్ము కట్టే ముందే హోటలుకు ఉత్తరం రాసి, గది ఏ అంతస్తులో ఇస్తారో, లిఫ్టు ఆ అంతస్తుదాకా వస్తుందో లేదో, ఫ్యాను ఉంటుందో లేదో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. చెల్లెమ్మ మోకాళ్ళు ఆ మెట్లకు ఓర్చవు. 2022లో ఎలిజబెత్ లైను వచ్చాక స్ట్రాట్‌ఫర్డ్ వంటి తూర్పు పేటల నుంచి నగరం మధ్యకు రావడం సులువైంది. అక్కడ కొత్తగా కట్టిన భవనాలలోని హోటళ్ళను ముందుగా చూడు. తేదీలు ఖాయం కాగానే నాకు రాయి, ఇద్దరం ఫోనులో కూర్చుని వెతుకుదాం.

అమ్మాయికి మా ఆశీస్సులు.

నీ మిత్రుడు