పిన్నులు కొట్టిన పుస్తకాలు

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. సాకులు చెప్పను, సెమిస్టర్ పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. "మీ పిల్లలు ఇంగ్లీషులో అసలు ఏమైనా చదువుతారా, గైడ్లతోనే గట్టెక్కేస్తారా?" అని అడిగావు చూడు, అది మాత్రం ఇన్నాళ్లూ బుర్రలో తిరుగుతూనే ఉంది. రెండు నెలల కిందట అడిగి ఉంటే గైడ్లే అని చెప్పి ఊరుకునేవాణ్ణి.

ఆమధ్య బీఎస్సీ రెండో ఏడాది అమ్మాయి ఒకతె వృక్షశాస్త్రం పుస్తకం తెచ్చి ఒక వాక్యం అర్థం కాలేదంది. పేజీ చూసి నాకు మాట రాలేదు. ప్రతి వరుస పైనా పెన్సిల్‌తో చీమల బారులాగా తెలుగు అక్షరాలు. లెక్కపెట్టాను, 41 చోట్ల అర్థాలు రాసుకుంది. తమాషా ఏమిటంటే ఫొటోసింథసిస్ మీద ఏమీ రాయలేదు, క్లోరోఫిల్ మీదా రాయలేదు. రాసుకున్నవన్నీ వేర్‌యాజ్, ఆల్‌దో, హెన్స్ లాంటివి. దేర్‌ఫోర్ మీద "కాబట్టి" అని ఆ ఒక్క పేజీలోనే నాలుగుసార్లు రాసింది! ఇంటర్ దాకా తెలుగు మీడియం. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే గడగడా చెప్పింది. శాస్త్రం వచ్చు. వాక్యాన్ని వాక్యానికి ముడేసే చిన్న మాటల దగ్గరే కాలు తడబడుతోంది. మేమేమో సాంకేతిక పదాల పట్టికలు చేతికిచ్చి, మా పని అయిపోయిందనుకుంటున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసేశారు కదా. ఉత్తర్వు వచ్చినంత తొందరగా చదవడం వస్తుందా? న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ అనే పండితుడు 2006లో ఒక లెక్క చెప్పాడు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలట. అంటే 50 మాటలకు ఒక్కటే కొత్తది. ఆ అమ్మాయి పేజీలో 300 మాటలు ఉంటాయనుకో, తెలియనివి ఆరు దాటకూడదు. ఆమెకు 41. అది రాళ్లున్న అన్నం తినడం. అలా తినేవాణ్ణి "నీకు అన్నమంటే ఇష్టమేనా?" అని అడిగితే ఏం చెబుతాడు?

ఫోను ఉందిగా అంటావు. ఉంది. కెమెరా పెడితే పేజీ మొత్తం తెలుగైపోతుంది. ఒక బీకాం కుర్రవాడు వడ్డీ లెక్కను అలా మార్చుకుని వచ్చి, "సార్, ప్రిన్సిపాల్ మీద ఏడాదికి ఎనిమిది శాతం ఆసక్తి అంటే ఏమిటి?" అన్నాడు. అసలు కాస్తా ప్రిన్సిపాల్ గారైంది, వడ్డీ ఆసక్తైంది. స్టాఫ్‌రూమ్‌లో రెండు రోజులు ఇదే నవ్వు. ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఇంకా తెలియదు.

ఆ కుర్రవాడే ఇంకో పాఠం చెప్పాడు. "నాకు ఇంగ్లీషు చదవడం రాదు సార్" అంటాడు, ఒట్టు పెట్టినట్టు. ఒకరోజు వెనక బెంచీలో ఫోను చూస్తుంటే పట్టుకున్నాను. క్రికెట్, బంతి బంతికీ వ్యాఖ్యానం, అంతా ఇంగ్లీషులోనే! మిస్‌క్యూ అంటే ఏమిటని అడిగాను. "బంతి బ్యాటు మధ్యలో తగలకపోవడం సార్." ఎవరు చెప్పారన్నాను. "ఎవరూ చెప్పలేదు, చాలాసార్లు వచ్చింది కదా." ఎనిమిదో తరగతి నుంచీ రోజూ చదువుతున్నాడట. "మరి ఇది చదవడం కాదా?" అంటే వింతగా చూశాడు. అతని లెక్కలో చదవడమంటే లేచి నిలబడి పైకి చదవడం, తప్పుపోతే అందరూ నవ్వడం, చివర ప్రశ్నలకు జవాబులు రాయడం.

మనం మాత్రం ఏం తక్కువ? "హిందూ చదివితే ఇంగ్లీషు వస్తుంది" అని మా నాన్న, మీ నాన్న ఒకే పాట. హాస్టల్లో చందా వేసుకుని తెప్పించి, చంకలో పెట్టుకుని బీచిరోడ్డంతా తిరిగి, చదివింది ఆఖరి పేజీలో ఆటల వార్తలే కదా!

1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ ఒక మంచి మాట అన్నాడు. ఈ పిల్లలకు ముందుగా కావలసింది ఇంగ్లీషు మాట్లాడడం కాదు, చదవడం అని. తక్కువ మాటలతో వాచకాలు తనే తయారు చేశాడు. అలాంటి పలచటి కథల పుస్తకాలు ముప్పై దాకా కొని అట్టపెట్టెలో పెట్టాను. బుధవారం ఆఖరి గంట. పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు, నచ్చకపోతే సగంలో వదిలేయవచ్చు. "సిలబస్‌లో ఉందా సార్?" అన్నారు. లేదన్నాను. సగం మంది పెట్టె వైపు చూడను కూడా లేదు. మూడో వారానికి పదకొండు పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి, రెండు తిరిగి రాలేదు. ఆ రెండింటి మీద నాకు మహా గర్వంగా ఉంది.

ఒక్కటి చెప్పడం మరిచాను. ఆ పుస్తకాల చివర అభ్యాసాలు ఉంటాయి కదా, వాటిని చూస్తే మళ్లీ బెదిరిపోతారని రాత్రంతా కూర్చుని ఆ పేజీలకు పిన్నులు కొట్టాను. నిన్న పెన్సిల్ అమ్మాయి పుస్తకం తిరిగి ఇచ్చింది. కథలో ఎక్కడా ఒక్క తెలుగు అక్షరం లేదు. సంబరపడి వెనక్కి తిప్పితే, పిన్నులు ఒక్కొక్కటే జాగ్రత్తగా ఊడదీసి అభ్యాసాలన్నీ చేసేసింది. పైగా "ఎన్ని మార్కులు వస్తాయో చూడండి సార్" అంది.

పుస్తకం ఇంకా నా బల్ల మీదే ఉంది. దిద్దమంటావా, వద్దంటావా? వెంటనే రాయి. మీ అమ్మాయి చదివి వదిలేసిన పలచటి పుస్తకాలేవైనా ఉంటే బస్సు పార్సిల్లో వేసెయ్. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
ప్రకాశం