బీమా రద్దు గడువు చివరి తేదీని తెలుగులో బాండు మీదే అచ్చేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నర్సంపేటలో ఓ బ్యాంకుకి ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాను. బ్యాంకులోంచి బయటికొచ్చినవాళ్లు చాలామంది ముందు ఎక్కేది మా గడపే. బీమా గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఏజెంట్ల దగ్గర నేర్చుకున్నవి కావు. ఏదో తేడా జరిగిందని అనుమానంతో కాయితాలు పట్టుకొచ్చినవాళ్ల దగ్గర నేర్చుకున్నవి.

మిర్చి అమ్మకాలు అయ్యాక ఒకరోజు ఓ అవ్వ వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. చేతిలో పెద్ద కవరు, చించనే లేదు. "బిడ్డా, ఇది నా ఎఫ్‌డీ కాయితమేనా, జర చూడు" అంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మగా వచ్చిన డబ్బులో లక్ష రూపాయలు ఎఫ్‌డీ వేద్దామని బ్యాంకుకి వెళ్లిందట. కవరు విప్పితే లోపల జీవిత బీమా బాండు ఉంది. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టాలి, బీమా మొత్తం 10 లక్షలు. ఆమెకి ఉన్నది ఎకరంన్నర.

బాండు వెనక ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం నింపిన దరఖాస్తు, నకలు జత చేసి ఉంది. అది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వేలిముద్ర వేసే మనిషికి చదువు డిగ్రీ అని రాశారు. ఏడాది ఆదాయం 8 లక్షలట. పైగా ఒక ఈమెయిల్ ఐడీ. అది ఎవరిదో అవ్వకీ తెలియదు, ఆమె కొడుక్కీ తెలియదు. బీమా కంపెనీ నుంచి ఫోన్ వస్తుందని, ఏమడిగినా "అవును" అనమని కౌంటర్లో ముందే చెప్పి పెట్టారట. వచ్చింది, అన్నింటికీ అవునంది.

నిబంధన మాత్రం ఈ అవ్వ పక్షానే ఉంది. పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే ఈ వెసులుబాటును ఫ్రీ లుక్ అంటారు. ఇదివరకు మామూలు పాలసీలకి 15 రోజులుండేది. 2024 ఏప్రిల్ నుంచి జీవిత, ఆరోగ్య బీమాలకి, బాండు ఏ దారిన కొన్నా, 30 రోజులు చేశారు. లెక్క మొదలయ్యేది డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, బాండు చేతికి అందిన రోజు నుంచి. రద్దు కోరాక 7 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. ఈ పద్ధతిని పెట్టిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది.

అవ్వ కవరు మీద స్పీడ్ పోస్ట్ తేదీ చూశాను. అందిన రోజు నుంచి లెక్కేస్తే ఇరవై రెండో రోజు. ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయి.

అసలు సంగతి ఇక్కడినుంచే. ఆమె కొడుకుని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్తే, "అయిదేళ్లు లాక్‌ఇన్, అప్పటిదాకా డబ్బు తీయరాదు, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. మర్నాడు కంపెనీ పేరుతో ఎవరో ఫోన్ చేశారు. ఇప్పుడు రద్దు చేస్తే సగం డబ్బు చార్జీల కింద పోతుందన్నారు. ఇంకోరోజు ఇంకొకరు, "వచ్చే నెల బోనస్ పడుతుందమ్మా, పడ్డాక చేసుకోండి" అన్నారు. వచ్చే నెలకి ముప్పై రోజులు దాటిపోతాయని ఆ చెప్పినాయనకి బాగా తెలుసు. సగం పోతుందన్న మాటకి ఆ ఇంట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. ఉంచుకుంటే ఏటా లక్ష ఎక్కణ్ణుంచి తేవాలి, తీసేస్తే యాభై వేలు పోతాయి. ఇదీ వాళ్ల టెన్షన్.

నిజానికి కంపెనీ కోసుకోదగ్గవి మూడే. స్టాంపు డ్యూటీ, డాక్టరు పరీక్షలు చేయించి ఉంటే వాటి ఖర్చు, పాలసీ నడిచిన ఆ కొద్దిరోజుల రిస్కుకి పడే ప్రీమియం. యూలిప్, అంటే కట్టిన డబ్బులో కొంత మార్కెట్లో పెట్టి యూనిట్లు కొనే బీమా, అయితే ఆ యూనిట్ల ధర పెరిగిందా తగ్గిందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అవ్వది యూలిప్ కాదు. జీవిత బీమాకి స్టాంపు డ్యూటీ వెయ్యికి 20 పైసలు, అంటే 10 లక్షలకి 200 రూపాయలు. డాక్టరు పరీక్షలు ఎవరూ చేయించలేదు. రిస్కు కోత ఇంకొన్ని వందలు. చివరికి అన్నీ కలిపి వెయ్యి కూడా దాటలేదు.

ఈ కోతల్ని నేను తప్పుపట్టను. ఆ ఇరవై రోజుల్లో మనిషికి ఏదైనా జరిగితే 10 లక్షలు ఇవ్వాల్సింది కంపెనీయే కదా. మా షాపుకొచ్చే ఒక టీచరు గారు మనిషి పోతేనే డబ్బు వచ్చే టర్మ్ పాలసీ తీసుకుని, రక్తపరీక్షలు, ఈసీజీ అన్నీ చేయించుకుని, వారం తిరక్కుండా వద్దన్నారు. పరీక్షల ఖర్చు పట్టుకున్నారని నా దగ్గర గొడవ పడ్డారు. ఆయనకి నేను వత్తాసు పలకలేదు. వెయ్యి కోసుకోవడం వేరు, సగం పోతుందని భయపెట్టడం వేరు.

మేం చేసిన పని పెద్దదేం కాదు. రద్దు కోరుతూ తెలుగులో ఒక ఉత్తరం, అందులో పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, ఎఫ్‌డీ అని చెప్పి ఇది అంటగట్టారన్న కారణం రాశాం. అసలు బాండు, పాస్‌బుక్ జిరాక్సు, కవరు జిరాక్సు జతచేసి కంపెనీకి స్పీడ్ పోస్ట్ చేశాం. అదే ఉత్తరాన్ని కొడుకు ఫోన్‌లోంచి మెయిల్ కూడా చేయించాను. కంపెనీ వాళ్లు ముందు, "బాండు కాపీ మీ మెయిల్‌కి నెల కిందటే పంపాం, గడువు అయిపోయింది" అన్నారు. ఆ మెయిల్ ఎవరిదో మీరే చెప్పండని తిరిగి రాశాం. ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాకే కదిలారు. డబ్బు వచ్చింది, ఏడు రోజుల్లో మాత్రం కాదు. అవ్వ ఆ కవరుని పొయ్యిలో వేయకుండా బియ్యం డబ్బా మీద పెట్టింది కాబట్టి సరిపోయింది.

ఇలాంటి అవస్థలో ఉన్నవాళ్లు ఐఆర్‌డీఏఐ నంబరు 155255కి ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. కంపెనీ నెలలోపు తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా తగాదాలు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా తగాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇంకో ముక్క. ఆరోగ్య బీమా రద్దు చేసుకోవాలనుకుంటే వేరే పాలసీ చేతికి వచ్చేదాకా తొందరపడొద్దు. ఏటా చేసే రెన్యువల్‌కి ఈ ముప్పై రోజుల వెసులుబాటు లేదు.

బ్యాంకులు ఇలా బీమా అంటగట్టడం ఢిల్లీకి తెలియనిదేం కాదు. 2024 నవంబర్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే బ్యాంకర్ల సభలో దీన్ని ఎత్తిచూపారు. ఫ్రీ లుక్‌ని ఏడాది చేద్దామన్న మాట కూడా ఆ తర్వాత వినిపించింది. చేస్తే మంచిదే. కానీ ముప్పై రోజులున్నట్టే తెలియని మనిషికి మూడొందల అరవై అయిదు రోజులు ఇస్తే మాత్రం ఏం ఒరుగుతుంది?

ఐఆర్‌డీఏఐని నేను అడిగేవి కొంచెమే. పాలసీ సారాంశం కాయితం కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని ఇప్పటికే ఉంది. కోరాలని ఎవరికి తెలుసు? అడక్కుండానే మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో రెండు సంగతులు అచ్చు వేయించండి. బాండు అందిన ముప్పై రోజుల్లో వద్దనుకోవచ్చన్నది ఒకటి, వద్దంటే ఎంత కోస్తారో రూపాయల్లో అంకె ఇంకొకటి. బాండు ఇచ్చేటప్పుడు చివరి తేదీని అక్కడే వేసి సంతకం తీసుకోవాలి. ఈమెయిల్‌కి పంపాం, మెసేజ్‌లో లింకు పెట్టాం అంటే అందినట్టు లెక్క కట్టకూడదు, ఆ మెయిల్ తనదేనని పాలసీదారు ఒప్పుకుంటే తప్ప. పాలసీ అమ్మిన బ్యాంకు బ్రాంచే రద్దు ఉత్తరం కూడా తీసుకుని, ముద్ర వేసి రసీదు ఇవ్వాలి. లక్ష రూపాయలు తీసుకోవడానికి పనికొచ్చిన కౌంటరు ఒక ఉత్తరం తీసుకోవడానికి ఎందుకు పనికిరాదు?

ఇట్లు,
జిరాక్స్ షాపు యజమాని,
నర్సంపేట, వరంగల్ జిల్లా