కాలిలో మిగిలిన ముక్క గురించి రోగికి చెప్పాలి

కాలి రక్తనాళానికి స్టెంట్ వేసేటప్పుడు కాథెటర్ (నాళంలోకి పంపే సన్నటి గొట్టం) కొస విరిగి లోపల ఉండిపోతే, ఆ సంగతి రోగికి చెప్పకపోవడం అన్యాయం. మా బంధువుకు ఇదే జరిగింది. స్టెంట్ వేసిన రాత్రే పాదం చల్లబడి, వేళ్లు పాలిపోయాయి. చీలమండ వెనక, పాదం మీద ఎంత వెతికినా నర్సుకు నాడి అందలేదు. మళ్లీ ఆంజియోగ్రామ్ తీస్తే మోకాలి కింద సన్నటి ముక్క అడ్డుపడి, దాని చుట్టూ రక్తం గడ్డకట్టి ఉంది. తీగ ఉచ్చుతో దాన్ని బయటికి లాగారు కాబట్టి కాలు దక్కింది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఆ ఊసే లేదు! కాల్షియం పేరుకుని గట్టిపడిన నాళంలోనో, స్టెంట్ అల్లికలోనో ఇరుక్కున్న కాథెటర్‌ను గట్టిగా లాగితే తెగడం వైద్యులకు తెలిసిన ప్రమాదమే. ఎంత నేర్పరి చేతిలోనైనా జరగొచ్చు, అందుకు నేను ఎవరినీ నిందించను. దాచడమే క్షమించరానిది. మిగిలిపోయిన ముక్క పరిమాణం, అది ఉన్న చోటు, ఎమ్మారై తీయించుకోవచ్చా లేదా అన్నవి రోగికి తెలపాలని అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే సూచించింది. కాథెటర్ బయటికి రాగానే కొసను సరిచూడటం, రోగిని బల్ల దింపకముందే పాదం దాకా ఎక్స్‌రేలో చూడటం ప్రతి ఆస్పత్రిలో నిబంధన కావాలి. విరిగిన పరికరాన్ని చెత్తలో పారేయకుండా భద్రపరిచి, బ్యాచ్ నంబరుతో సహా నియంత్రణ సంస్థకు నివేదించాలి. ఆ నివేదిక నకలు రోగి చేతికీ ఇవ్వాలి.